మూడు ఊళ్ళు మూయించిన బోర్డు

సెలవులు మొదలైన రోజు పొద్దున్నే లిఫ్టు మెకానిక్కు తన భార్య ఎదుట నిలబడి మాట ఇచ్చాడు. ఈ ప్రయాణంలో తను పానా ముట్టడు. దారిలో ఏది కిర్రుమన్నా, గర్రుమన్నా, ఊగి ఊగి కూలిపోయేలా కనబడినా, అది తనకు సంబంధించిన విషయం కాదనుకుని తల పక్కకు తిప్పుకుంటాడు. కిందటి సెలవులకు మరదలి ఇంటికి వెళ్ళి, వాళ్ళ మేడ లిఫ్టు విప్పుకుని కూర్చుని, అందరి భోజనాలూ అయ్యాక మోచేతుల దాకా గ్రీజుతో తేలిన మనిషి అతడు. అందుకని ఆవిడ ఆ మాటను పూర్తిగా నమ్మలేదు. అయినా కారు తాళాలు అతడి చేతిలో పెట్టింది.

ప్రయాణం ఆవిడ కోసమే. ఒక పెద్ద ఆఫీసు క్యాంటీనులో ఆవిడ చాలా కాలం వంట చేసింది. ఆఫీసు వేరే ఊరికి తరలిపోయింది, క్యాంటీనుకు తాళం పడింది. వాళ్ళ వీధి మలుపులో ఒక గది ఖాళీగా ఉంది. ఆ గది సొంతదారైన టీచరమ్మ, భోజనశాల పెట్టుకుంటానంటే నీకే ఇస్తాను, సెలవులయ్యేలోగా సంగతి తేల్చి చెప్పు అంది. తేల్చడమే ఆవిడ వల్ల కావడం లేదు. తన వంట డబ్బు తీసుకుని పెట్టేటంత బాగుంటుందా అన్నది ఆవిడ అనుమానం. క్యాంటీనులో అందరూ లొట్టలు వేస్తూ తినేవారన్న మాట నిజమే. కానీ చుట్టుపక్కల ఇంకో కొట్టు లేనప్పుడు లొట్టలు వేయక ఏం చేస్తారు? పోనీ మొగుణ్ణి అడుగుదామా అంటే, ఆయనగారు పెళ్ళయిన మర్నాటి నుంచీ ఒకే మాట పట్టుకున్నారు. ఏం పెట్టినా "బాగుంది" అంటారు. రోజూ వినగా వినగా ఆ మాటకు ఆవిడ దగ్గర చిల్లిగవ్వ విలువ లేకుండా పోయింది.

"నాలుగు ఊళ్ళు తిరుగుదామండీ. పేరున్న కొట్లలో తిందాం. వాళ్ళ పక్కన నా వంట నిలబడుతుందో లేదో నా నాలుకే చెబుతుంది. నిలబడదనిపిస్తే టీచరమ్మకు ఫోను చేసి వద్దని చెప్పేస్తాను" అంది ఆవిడ.

మెకానిక్కు సరేనన్నాడు. క్యాంటీను మూతపడినప్పటి నుంచి ఆవిడ మాటలు తగ్గిపోయాయి. పొయ్యి దగ్గర కూనిరాగం వినబడటం లేదు. ఆ నిశ్శబ్దం అతడికి నచ్చలేదు. యంత్రమైతే విప్పి చూసేవాడు. మనిషి కాబట్టి ఏం చెయ్యాలో తెలియక, ఈ నాలుగు ఊళ్ళ మీదే ఆశ పెట్టుకున్నాడు. ఆవిడ చేత టీచరమ్మకు సరేననిపించాలన్నది అతడి కోరిక. బయలుదేరే ముందు కారు డిక్కీలో స్పేర్ టైరు కింద పానాల సంచీ, దాని మీద పసుప్పచ్చ బోర్డు దాచిపెట్టడం మాత్రం ఆవిడకు చెప్పలేదు. తాకనని మాట ఇచ్చాడు గానీ తీసుకురానని ఇవ్వలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మొదటి ఊళ్ళో సూపు కొట్టుకు చాలా పేరు. దాని ముందు జనం వీధి మలుపు దాకా బారులు తీరి ఉన్నారు. కారు ఆపడానికి అంగుళం చోటు లేక, ఎవరిదో ఇంటి గేటుకు అడ్డంగా నిలిపి, భార్యను కారులోనే కూర్చోమని, మెకానిక్కు వెళ్ళి వరసలో నిలబడ్డాడు. సూపు వాసన గుమగుమలాడుతోంది. అతడు హాయిగా కళ్ళు మూసుకుని ఆ వాసన పీలుస్తూ ఉండగా నెత్తి మీద ఏదో మూలిగింది. కళ్ళు తెరిచి చూస్తే కొట్టు షట్టరు. పైన చుట్టుకుని ఉన్న ఇనుప రేకు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. గాలి వీచినప్పుడల్లా దాని స్ప్రింగు ప్రాణం పోతున్నట్టు మూలుగుతోంది. దాని కింద ఇద్దరు తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు.

తల పక్కకు తిప్పుకోవాలి. తిప్పుకున్నాడు కూడా. కానీ చెవులు ఎక్కడికి తిప్పుకుంటాడు?

అతడి పనిలో ఒక నియమం ఉంది. అనుమానం రాగానే ముందు బోర్డు పెట్టాలి, ఆ తరవాతే పానా తీయాలి. పని నేర్పిన మేస్త్రీ నెత్తి మీద మొట్టి మరీ నేర్పిన నియమం అది. మెకానిక్కు పిల్లిలా కారు వెనక్కి వెళ్ళి, భార్య అద్దంలో జుట్టు సర్దుకుంటున్న అదను చూసి, బోర్డును చొక్కా కింద దాచి తెచ్చాడు. వరసలో ఉన్నవాళ్ళతో, "తనిఖీ ఉందండీ, అందరూ దూరంగా జరగండి" అన్నాడు. లిఫ్టుల దగ్గర జనాన్ని కదిలించే గొంతు అది, మామూలు మనిషి గొంతు కాదు. జనం గబగబా జరిగారు. షట్టరును నెమ్మదిగా నడుము ఎత్తుకు దించి, కొక్కేనికి బోర్డు తగిలించాడు. బోర్డు మీద నల్లటి పెద్ద అక్షరాలు: తనిఖీ జరుగుతోంది. అనుమతి లేనిదే లోపలికి రాకూడదు.

ఇక పానాలు తెచ్చుకుందామని అతడు కారు దగ్గరికి వచ్చేసరికి అక్కడ గొడవ జరుగుతోంది. ఆ గేటు ఇంటి పెద్దమనిషి ఒకవైపు, ట్రాఫిక్ పోలీసు ఒకవైపు నిలబడి ఆవిడను వాయించేస్తున్నారు. పోలీసు అతణ్ణి ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ముందు బండి తియ్యమన్నాడు. తీస్తే అది ఒకవైపే వెళ్ళే దారి. ముందు బస్సు, వెనక బస్సు. ఆ ప్రవాహంలో కొట్టుకుపోయి, ఊరు దాటి పెద్ద రోడ్డు మీద తేలేదాకా కారు వెనక్కి తిప్పే వీలే దొరకలేదు.

సూపు ఏమైందని ఆవిడ అడిగింది. వరస మరీ పెద్దదిగా ఉందనీ, పక్క ఊళ్ళో చేపల వేపుడు పెట్టే కొట్లు ఇంకా బాగుంటాయటనీ అతడు చెప్పాడు. ఆ చెప్పడం రోడ్డు వంకే చూస్తూ చెప్పాడు. వేలాడుతున్న ఒక్క అట్టముక్కను తీయడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది, ఈపాటికి తీసేసి ఉంటారు అని మనసుకు నచ్చచెప్పుకున్నాడు. నిజానికి అలాంటి బోర్డును ఈ లోకంలో ఎవరూ తీయరని అతడి కంటే బాగా తెలిసినవాడు లేడు. ఒకసారి ఓ ఆఫీసులో లిఫ్టు బాగుచేసి బోర్డు తీయడం మరిచిపోతే, ఏడాది తిరిగి అతడు మళ్ళీ వెళ్ళేదాకా ఆ ఆఫీసు వాళ్ళంతా ఆయాసపడుతూ మెట్లెక్కారు.

వెనక ఊళ్ళో జరిగింది మెకానిక్కుకు తరవాత తెలిసింది. సూపు కొట్టు పెద్దాయన వెనక వంటగదిలో గరిటె తిప్పుతూ, ముందు సందడి ఆగిపోయిందేమిటని వచ్చి చూశాడు. షట్టరు సగం దిగి ఉంది, బోర్డు వేలాడుతోంది, జనం దూరం నుంచి దొంగను చూసినట్టు చూస్తున్నారు. ఆయన గబుక్కున వెనక్కి తిరిగి చూశాడు. ఎందుకంటే వంటగదిలో పిండి బస్తాల మీద ఆయన పెంపుడు పిల్లి అప్పుడే కడుపు నిండా తిని పడుకుని ఉంది. అది పై అధికారుల కంట పడిందనే ఆయన నిర్ధారించుకున్నాడు. బోర్డును వేలితో కూడా ముట్టుకోకుండా లోపలికి వెళ్ళి, పక్క ఊళ్ళో చేపల కొట్టు నడిపే బావమరిదికి ఫోను చేశాడు. పొడుగాటి మనిషి, జేబులో టార్చిలైటు, నీలం కారు అని జనం చెప్పిన గుర్తులన్నీ అప్పజెప్పాడు. కారులో ఒకావిడ కూర్చుని ఉందనీ, కిందికి దిగనే లేదనీ, కాబట్టి అతడి కంటే ఆవిడే పెద్ద ఆఫీసరై ఉంటుందనీ సొంత బుర్ర ఉపయోగించి చేర్చాడు.

రెండో ఊళ్ళో చేపల కొట్లన్నీ ఒకే వీధిలో వరసగా ఉన్నాయి. వీధి మొదట్లోకి కారు తిరిగిందో లేదో, మొదటి కొట్టు షట్టరు ధడాలున పడింది. దాని వెనకే రెండోది, ఆ వెనకే మూడోది. మెకానిక్కు కారు నడుపుతున్నాడా, తాడు పట్టి షట్టర్లు లాగుతున్నాడా అన్నట్టుంది వ్యవహారం. ఒక కొట్టు తలుపు మీద "యజమానికి జ్వరం" అని సుద్దతో రాసి ఉంది. రెండోదాని మీదా అదే జ్వరం. మూడో కొట్టువాడికి రాసే తీరిక కూడా దొరకలేదు కాబోలు, కిటికీలోంచి చూసి గట్టిగా దగ్గి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆవిడ కారు దిగి ఆ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చింది. తిరిగి వచ్చి కూర్చుని తలుపు వేసుకుంది. అతడి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. కానీ ఆవిడ మొహం చూశాక ఆకలి సంగతి ఎత్తలేకపోయాడు.

"సెలవుల్లో, ఇంతమంది జనం తిరిగే రోజుల్లో కూడా కొట్లు మూసుకుని కూర్చున్నారంటే ఏమిటండీ అర్థం?" అంది ఆవిడ. "తిండి అమ్ముకుని ఎవరూ బతకడం లేదన్నమాట. ఎంతో పేరున్నవాళ్ళకే గతి లేకపోతే, మలుపులో గది తీసుకుని నేనేం నడుపుతాను?"

వాళ్ళకు నిజంగా జ్వరాలేమో అన్నాడు అతడు. వీధి వీధంతటికీ ఒకే పూట వస్తాయా అంది ఆవిడ. అతడు కారు స్టార్టు చేశాడు.

ఊరి బయట పెట్రోలు బంకులో ఆగారు. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక రొట్టె కొనుక్కొచ్చేలోగా, బంకులో పనిచేసే మీసాలాయన మెకానిక్కు దగ్గరికి వచ్చి వినయంగా నమస్కారం పెట్టాడు. అడగకుండానే ఇసుక బకెట్లు చూపించాడు. మంటలార్పే సిలిండరు చూపించాడు. తమ బంకులో మీకు ఏ లోపమూ కనబడదు సార్ అన్నాడు. నాకెందుకు చూపిస్తున్నావయ్యా అని అడిగితే, మీసాలాయన నవ్వి గొంతు తగ్గించాడు.

"ఎందుకు సార్ దాస్తారు, అందరికీ తెలిసిపోయింది. పై ఊళ్ళో సూపు కొట్టు మూయించింది తమరే కదా."

 షట్టర్లు, జ్వరాలు, దగ్గు, అన్నీ మెకానిక్కుకు ఒక్క దెబ్బతో అర్థమైపోయాయి. భార్యకు ధైర్యం రావాలని ఊళ్ళు తిప్పుతున్నవాడు, తన చేత్తోనే ఆ ఊళ్ళ పొయ్యిలన్నీ ఆర్పుకుంటూ వస్తున్నాడు. అంతలో ఆవిడ రొట్టె తెచ్చి సగం అతడికిచ్చింది. అది ఎప్పటిదో, అట్టలా ఉంది. ఎలా ఉందని అడిగితే "తినొచ్చు" అని నమిలి మింగాడు.

"ఇక్కడ సిగ్నలు లేదు. ముందు ఊరు రాగానే టీచరమ్మకు ఫోను చేసి గది వద్దని చెప్పేస్తాను. పాపం ఆవిణ్ణి ఎన్నాళ్ళు ఆపుతాం?" అంది ఆవిడ. ఏడుపు లేదు, విసుగు లేదు. ఆశ వదిలేసుకున్న మనిషి గొంతు అది. అతడికి అదే భరించరానిదిగా ఉంది.

ముందు ఊరు చేరేలోగా నిజం చెప్పెయ్యాలి. చెప్పకపోతే గది పోతుంది. చెబితే, ఇచ్చిన మాట తప్పినందుకు తన సంగతేమవుతుందో తెలియదు. ఎత్తైన మేడల్లో తాడు కట్టుకుని చీకటి గుంతలోకి నిబ్బరంగా దిగే మనిషి, పక్క సీట్లో కూర్చున్న ఆడమనిషికి నాలుగు మాటలు చెప్పలేక చెమటలు పట్టించుకున్నాడు. "ఏమోయ్" అన్నాడు ఒకసారి. ఏమిటంది. ఎండ బాగా ఉందన్నాడు. ఇంకాస్త దూరం వెళ్ళాక మళ్ళీ "ఏమోయ్" అన్నాడు. ఈసారి రోడ్డు బాగుందన్నాడు. ఆవిడ అతడి నుదురు తాకి చూసింది. ఆ జ్వరం ఇతనికీ అంటుకుందేమోనని అనుమానం.

మూడో ఊరు వచ్చేసింది. ఊరి మొదట్లోనే ఒక పెద్ద భోజనశాల, దాని ముందు జనం. ప్రయాణాలు చేసేవాళ్ళు, పిల్లాపాపలతో, మూటాముల్లెలతో, ఆకలి మొహాలతో నిలబడి ఉన్నారు. తలుపులు మూసి ఉన్నాయి. రోడ్డుకు నడిమధ్యన కుర్చీ వేసుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆవిడే ఆ భోజనశాల యజమానురాలు, సూపు కొట్టు పెద్దాయనకు స్వయానా మేనత్త. మేనల్లుడు ఫోను చేస్తే భయపడి జ్వరం తెచ్చుకునే రకం కాదు. కారు ఆగగానే లేచి వచ్చి అద్దం మీద వేలితో కొట్టింది.

"దిగండి ఆఫీసరు గారూ. మా వంటవాడు తనిఖీ అన్న మాట చెవిన పడగానే గోడ దూకి పారిపోయాడు. ఏం తప్పు చేశాడో నాకే తెలీదు. ఇదిగో ఇంతమంది పస్తున్నారు. వీళ్ళకు ఏం చెబుతారో మీరే చెప్పండి."

"ఏ ఆఫీసరండీ?" అంది మెకానిక్కు భార్య. అప్పటికే ఆవిడ చేతిలో ఫోను ఉంది. సిగ్నలు కూడా దొరికినట్టుంది.

అతడు ఆ ఫోను మీద చెయ్యి అడ్డంగా పెట్టాడు.

"ఆఫీసరు లేడు, ఎవరూ లేరు. నేనే. ఆ సూపు కొట్టు షట్టరు పడిపోయేలా ఉంటే బోర్డు పెట్టాను. పానా తెచ్చేలోగా పోలీసు మనల్ని తరిమేశాడు. ఆ బోర్డు చూసి అందరూ నన్ను అధికారి అనుకున్నారు."

ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసింది. పెళ్ళయ్యాక ఎన్నో చూపులు చూశాడు గానీ ఇది అతడికి కొత్త చూపు.

"అంటే ఆ చేపల వాళ్ళకు జ్వరాలు లేవా?"

"లేవు."

"వాళ్ళ కొట్లు బాగానే నడుస్తున్నాయా?"

"మనం వీధిలోకి తిరిగేదాకా బ్రహ్మాండంగా నడిచాయి."

మాట తప్పినందుకు తిట్టాలో, కొట్లు నడుస్తున్నందుకు సంతోషించాలో ఆవిడకు తేలలేదు. రెండూ ఒకేసారి చెయ్యబోయి ఏదీ చెయ్యలేకపోయింది. ఈలోగా మేనత్త, మొగుడూ పెళ్ళాల తగువు తరవాత చూసుకోండి, ముందు వీళ్ళ సంగతేమిటని నిలదీసింది. తను పుట్టింది గల్లాపెట్టె దగ్గరే గానీ పొయ్యి దగ్గర కాదనీ, ఉల్లిపాయ ఎటునుంచి కోస్తారో కూడా తెలియదనీ చెప్పింది. జనంలో ఒక పసిపాప ఏడుపు అందుకుంది.

ఆ ఏడుపుతో ఆవిడ తేరుకుంది. కొంగు నడుముకు దోపుకుని, వంటగది ఎటుందండీ అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా వాసన పట్టుకుని లోపలికి నడిచింది.

లోపల బంగాళాదుంపలు ఉన్నాయి, ఉల్లిపాయలు ఉన్నాయి, బుట్టెడు గుడ్లు ఉన్నాయి, బియ్యం నానబెట్టి ఉన్నాయి. కొత్త పొయ్యి, కొత్త గరిటెలు, ఏ డబ్బాలో ఏముందో తెలియని అరలు. ఆవిడ ఒక్కొక్క మూత తీసి వాసన చూసుకుంటూ పనిలోకి దిగింది. మెకానిక్కును ఉల్లిపాయల ముందు కూర్చోబెట్టింది. మేనత్తను గిన్నెలు అందించమంది. ఆ ముసలావిడ జన్మలో ఎవరి మాటా వినలేదట గానీ గిన్నెలు అందించింది. కళ్ళ నీళ్ళు కారుతుండగా మెకానిక్కుకు ఒక సంగతి వినబడింది. పొయ్యి దగ్గర ఆవిడ కూనిరాగం తీస్తోంది. అతడు కత్తి ఆపి కాసేపు విన్నాడు. ఆవిడ వెనక్కి తిరగకుండానే, చేతులు ఆడించమని చెప్పింది.

తలుపులు తెరిచారు. జనం వరదలా వచ్చి పడ్డారు. అన్నం వార్చినంత వేగంగా అయిపోతోంది, కూర గిన్నె కింద పెట్టకముందే ఖాళీ అవుతోంది. ఒక లావుపాటాయన మూడోసారి వడ్డించుకుని, ఇలాంటి భోజనం తిని ఎన్నేళ్ళయిందో అని కళ్ళు మూసుకున్నాడు. మెకానిక్కు ఆ మాట పట్టుకుని వంటగదిలోకి పరుగెత్తాడు. ఆవిడ పెదవి విరిచింది.

"పొద్దుటి నుంచి పస్తున్నవాళ్ళండీ. వాళ్ళకు గోడకు వేసే సున్నం కలిపి పెట్టినా బాగుందంటారు. అది లెక్కలోకి రాదు" అంది.

అంతలో వాకిట్లో కేక వినబడింది. పై ఆఫీసులో అడిగితే అసలు ఏ తనిఖీ లేదని తెలిసి, సూపు కొట్టు పెద్దాయన పసుప్పచ్చ బోర్డు చంకలో పెట్టుకుని, ఊరూరూ ఆరా తీసుకుంటూ వెంటపడి వచ్చేశాడు. ఎవడా తనిఖీ మనిషి అంటూ లోపలికి దూసుకొచ్చి, అన్నం వాసన తగలగానే మాట మధ్యలో ఆగిపోయాడు. మేనత్త ఆయన భుజం పట్టి కూర్చోబెట్టి, ముందు తినమని కంచం ముందు పెట్టింది. సగం కంచం ఖాళీ అయ్యాక ఆయన కోపం కూడా సగమైంది. రెండోసారి వడ్డించాక అసలు సంగతి చెప్పాడు. కొట్టు మూసినందుకు ఆయన భార్య మాత్రం చాలా సంతోషంగా ఉందట. పెళ్ళయ్యాక ఆవిడ మధ్యాహ్నం పూట కునుకు తీయడం ఇదే మొదలట. లేపి మళ్ళీ కొట్టు తెరుద్దామంటే, నీ పిల్లినీ నిన్నూ కలిపి బయటకు తోస్తానందట. మెకానిక్కు ఆయన చేతులు పట్టుకుని, రేపు పొద్దున్నే వచ్చి షట్టరు బాగుచేస్తానన్నాడు. సూపు పెద్దాయన బోర్డు తిరిగి ఇచ్చేస్తూ, కూర చాలా బాగుందమ్మా అని వంటగది వైపు కేకేశాడు. ఆయన కూడా పొద్దుటి నుంచి పస్తే కాబట్టి ఆవిడ ఆ మాటనూ పక్కన పెట్టేసింది.

జనం వెళ్ళిపోయారు. ఎండ వాలింది. కడిగిన గిన్నెలు బోర్లించి, మొగుడూ పెళ్ళాలిద్దరూ వంటగదిలోనే ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. అడుగున మిగిలిన కూర, కాస్త అన్నం ఆవిడ అతడికి పెట్టింది. తను కూడా పెట్టుకుంది గానీ ముద్ద ఎత్తలేదు. ఫోను బల్ల మీద ఉంది. ఈ పూట ఎంతమంది తిన్నా, టీచరమ్మకు ఏం చెప్పాలో ఆవిడకు ఇంకా తెలియలేదు. అతడికి ఆ సంగతి అర్థమైంది. ఇప్పుడు ఒక్క మంచి మాట పడితే బాగుండునని కూడా తెలుసు. ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. నమలడం ఆపాడు.

"ఉప్పు తగ్గింది" అన్నాడు.

ఆవిడ తలెత్తింది. అతడి నోటి నుంచి అలాంటి మాట ఆవిడ ఏనాడూ వినలేదు. తన కంచంలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నిజమే, తగ్గింది. కొత్త వంటగది, తెలియని డబ్బాలు, అంత జనం, ఆ కంగారులో చెయ్యి వెనక్కి తీసింది. అంతమంది తిన్నారు, ఒక్కడూ కనిపెట్టలేదు.

"మరి ఇన్నాళ్ళూ ఏం పెట్టినా బాగుందనే అనేవారుగా?"

"ఇన్నాళ్ళూ బాగుంది కాబట్టి అన్నాను."

"మా అమ్మ వంట?"

"తినొచ్చు అనేవాణ్ణి" అన్నాడు అతడు, తప్పు చేసినవాడిలా కంచంలోకి చూస్తూ.

ఆవిడ ఆలోచించింది. నిజమే. పుట్టింట్లో ఏ రోజూ ఆయన బాగుందని అనలేదు. పెళ్ళిళ్ళలో, చుట్టాలిళ్ళలో, హోటళ్ళలో, ఎక్కడ తిన్నా తినొచ్చు అన్నదే ఆయన మాట. బాగుందన్న మాట తన చేతి వంటకే దాచిపెట్టాడు. అది దాచిపెట్టిన మాట అని తెలియక ఇన్నేళ్ళుగా చెత్తబుట్టలో వేస్తూ వచ్చింది. ఆవిడకు నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇంత మనిషి పక్కనే ఉండగా ఊళ్ళమ్మట తిరిగానేమిటని తనను తాను తిట్టుకుంది. తరవాత చెయ్యి కడుక్కుని, ఫోను తీసి, టీచరమ్మకు చేసి, సెలవులవగానే గది తాళాలు కావాలండీ అంది. అతడు అటు తిరిగి, ఎందుకైనా మంచిదని, ఉప్పు తక్కువైన కూరను కంచం మెరిసేలా ఊడ్చి తినేశాడు.

ఊరూరి రుచులు చూద్దామని బయలుదేరి మూడు ఊళ్ళు తిరిగిన ఆ దంపతులు చివరికి తిన్నది ఇంటివంటే, అదీ ఉప్పు తగ్గినది.